రెండో ఏడాది బిల్లు

నెల్లూరులో ఒక ఆదివారం ఉదయం, పిల్లలు అమెరికాలోనూ పొరుగు రాష్ట్రాల్లోనూ స్థిరపడిన తల్లిదండ్రుల సమావేశంలో, పురపాలక రెవెన్యూ ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన ఒక తల్లి చేసిన ప్రసంగం పాఠం.

పెద్దలందరికీ నమస్కారం.

ఇందాక గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే రెండు మాటలు చెవిన పడ్డాయి. ఒకాయన పక్కాయనతో అంటున్నారు: "మావాడు డాలస్‌లో ఇల్లు చూస్తున్నాడండీ. అక్కడ రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదట. న్యూజెర్సీలో కంటే చాలా మిగులుతుందని అంటున్నాడు." ఆయన ఎవరో నాకు తెలియదు, ఈ హాల్లోనే ఎక్కడో కూర్చుని ఉంటారు. అయ్యా, ఈ పూట నేను చెప్పబోయేదంతా మీ అబ్బాయి కోసమే అనుకోండి.

మీ అబ్బాయి విన్నది నిజమే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. 2019లో అక్కడి ప్రజలు ఓటు వేసి, ఇకమీదట కూడా అలాంటి పన్ను పెట్టకుండా రాష్ట్ర రాజ్యాంగంలోనే అడ్డుకట్ట వేసుకున్నారు. అయితే బడి నడవాలి, రోడ్డు వేయాలి, అగ్నిమాపక బండి సిద్ధంగా ఉండాలి. ఆ డబ్బు ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కదా. టెక్సాస్‌లో దానిలో పెద్ద వాటా ఇళ్ల మీద నుంచి వస్తుంది. ఉద్యోగం పోయిన నెలలో జీతం లేదు కాబట్టి జీతం మీద పన్నూ ఉండదు. ఇంటి మీద పన్ను మాత్రం ఉంటుంది. ఒక తల్లిగా నన్ను కలవరపెట్టేది ఈ తేడానే.

నేను 30 ఏళ్లకు పైగా ఇంటి పన్ను పనిలోనే గడిపాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూలాపేటలో ఒక పెంకుటిల్లు కొలవడానికి వెళ్లాను. ఇనుప టేపు ఒక కొస నా చేతిలో, రెండో కొస ఆ ఇంటి పెద్దావిడ చేతిలో. మండువా, వంటిల్లు, వెనక వసారా వరుసగా కొలుస్తున్నాం. ప్రతి గది దగ్గరా ఆమె ఒకటే అడిగారు: "అమ్మాయీ, ఇది ఎంత అద్దెకు పోతుందని రాస్తున్నావు?" ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ ఎవరినీ అద్దెకు పెట్టలేదు. పెట్టే ఉద్దేశమూ లేదు. అయినా అసలు విషయాన్ని ఆమె పట్టుకున్నారు. అప్పట్లో మన పన్ను ఇంటి కొలత మీద కాదు, ఇంటి ధర మీదా కాదు, ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందన్న అంచనా మీద. టేపు పట్టుకున్నది నేనే అయినా, పన్ను తేలేది ఆ అంచనా దగ్గరే.

ఆమె అడిగినట్టే మనమూ అడగాలని చెప్పడానికే ఈ రోజు వచ్చాను. పన్ను ఎంత శాతం అన్నది అందరూ అడుగుతారు. దేని మీద శాతం, ఆ విలువ ఎవరు కడతారు, మళ్లీ ఎప్పుడు కడతారు, ఒక్కసారిగా ఎంత వరకు పెంచగలరు అన్నవి ఎవరూ అడగరు.

ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం. భూములు, భవనాల మీద పన్ను మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని 49వ అంశం. అందుకే రాష్ట్రానికొక పద్ధతి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ పెద్దావిడ అడిగిన అద్దె లెక్క 2021 మార్చితో ముగిసింది. 2020లో చట్టం సవరించారు, 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువ లెక్క వచ్చింది. అంటే స్థలానికీ కట్టడానికీ ప్రభుత్వం రిజిస్ట్రేషన్ కోసం కట్టిన ధర ఎంతో చూసి, దానిలో నివాసానికైతే 0.10 నుంచి 0.50 శాతం మధ్య, వ్యాపారానికైతే 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను. ఒక్కసారిగా మోయలేరని, పాత ఇళ్లకు పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదని కట్టడి పెట్టారు.

15 శాతం అంటే చిన్నదే అనిపిస్తుంది. కాగితం మీద వేసి చూడండి. 2,000 రూపాయల బిల్లు మరుసటి ఏడాది 2,300. ఆ పై ఏడాది 2,645. తర్వాత 3,042, 3,498. ఐదో పెంపుకు 4,023. ఐదేళ్లలో రెట్టింపు. ఈ ఐదేళ్ల లెక్కను గుర్తుంచుకోండి, అమెరికా దగ్గరకు వెళ్లినప్పుడు దీనితోనే కొలుస్తాను.

పొరుగు రాష్ట్రాల సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే అక్కడి మొత్తాలు మనల్ని ముంచేంత పెద్దవి కావు. హైదరాబాదులో ఇప్పటికీ అద్దె అంచనా లెక్కే. నెల అద్దె విలువ పెరిగేకొద్దీ 17 శాతం నుంచి 30 శాతం దాకా మెట్లున్నాయి. ఆ మెట్లు ఎంత పాతవంటే, నెలకు 300 రూపాయలు దాటితే చాలు 30 శాతంలోకి వెళ్లిపోతుంది. ఈ రోజుల్లో నెలకు 300కు ఇల్లెక్కడుంది? కాబట్టి పై మెట్టు ఒక్కటే మిగిలిందనుకోండి. అక్కడ శాతం చూసి బెదరకూడదు, చదరపు అడుగుకు ఎంత అద్దె కట్టారో చూడాలి. చెన్నైలో ఆరు నెలలకోసారి బిల్లు. ఏళ్ల తరబడి కదలని పన్నును 2022 ఏప్రిల్‌లో ఒక్కసారిగా పెంచారు. పాత నగరంలో 600 చదరపు అడుగుల లోపు ఇళ్లకు 50 శాతం, 1,800 దాటినవాటికి 150 శాతం. చాలాకాలం పెరగలేదంటే సంతోషించకండి, పెరిగేటప్పుడు అలా పెరుగుతుంది. బెంగళూరులో ఇంటి యజమానే తన కొలతలు తాను రాసి కట్టే పద్ధతి ఉంది.

ఇంకొక మాట. రిజిస్ట్రేషన్ ఖర్చును, ఇంటి పన్నును కలిపి చూడవద్దు. ఇక్కడ స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రుసుము కలిపి 7.5 శాతం అవుతుంది. తమిళనాడులో 2023లో తగ్గించాక కూడా 9 శాతం. అది కొన్న రోజున ఒక్కసారి కట్టేది. నేను మాట్లాడేది, ఇల్లు మీ చేతిలో ఉన్నంత కాలం కట్టేదాని గురించి.

ఇక అమెరికా.

అక్కడ మొత్తాలు పెద్దవి. మనకు ఏడాది ఇంటి పన్ను ఒక నెల కిరాణా ఖర్చుతో పోతుంది. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో అది రెండు మూడు నెలల బ్యాంకు వాయిదాలంత ఉంటుంది. 5 లక్షల డాలర్ల ఇల్లు ఒకటి తీసుకుందాం. న్యూజెర్సీలో సుమారు 11,000 డాలర్లు. టెక్సాస్‌లో ఊరిని బట్టి 8,000 నుంచి 11,000. కాలిఫోర్నియాలో 6,000 అటూ ఇటూ. హవాయిలో 2,000 కూడా దాటదు. ఈ నాలుగు అంకెలు చూసి కాలిఫోర్నియా నయమని ఎవరైనా అంటే తొందరపడ్డట్టే. డాలస్ దగ్గర 5 లక్షలకు దొరికే ఇల్లు శాన్ హోసే చుట్టుపక్కల దానికి రెండింతలు పెట్టినా దొరకదు. శాతం సగమైనా ఇల్లు రెట్టింపైతే బిల్లు అక్కడికే వచ్చి నిలబడుతుంది.

శాతాలు మోసం చేసే ఇంకొక చోటు జార్జియా. అట్లాంటా చుట్టూ మనవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ పన్ను రేటును మిల్లుల్లో చెబుతారు, అంటే వెయ్యికి ఇన్ని డాలర్లని. 30 మిల్లులంటే 3 శాతం, గుండె గుభేలుమంటుంది. కానీ ఆ రాష్ట్రంలో ఇంటి మార్కెట్ విలువలో 40 శాతం మీదే పన్ను వేస్తారు. 5 లక్షల ఇంటికి 2 లక్షల మీద వెయ్యికి 30 చొప్పున 6,000. అసలు విలువ మీద చూస్తే 1.2 శాతమే. టెక్సాస్‌లో చెప్పే 2 శాతం కంటే జార్జియా 3 శాతం తక్కువన్నమాట. దేని మీద శాతం అని అడగకపోతే ఈ లెక్క తలకిందులవుతుంది.

న్యూజెర్సీ తీరు వేరు. అక్కడ ముందు శాతం అనుకుని తర్వాత వసూలు చేయరు. ఊరు, బడి, కౌంటీ (మన జిల్లా లాంటిది) తమ ఏడాది ఖర్చు ఎంతో తేల్చుకుని, దాన్ని ఊళ్లోని ఆస్తుల మీద పంచుతాయి. మంచి బడి ఉన్న ఊరికి మనవాళ్లు వెళ్తారు, ఆ బడి ఖర్చు మనవాళ్ల ఇంటి మీదకే వస్తుంది. 2024లో ఆ రాష్ట్రంలో సగటు ఇంటి పన్ను బిల్లు 10,000 డాలర్లు దాటింది. పైగా రాష్ట్ర ఆదాయపు పన్నూ ఉంది. ఇంత చెప్పాక న్యూజెర్సీని తీసిపారేస్తున్నానని అనుకోకండి. మా చెల్లెలి కొడుకు అక్కడే ఉన్నాడు. బిల్లు పెద్దదే, కానీ కొనేటప్పుడు పాత యజమాని బిల్లు చూసి ఎంత వస్తుందనుకున్నాడో దాదాపు అంతే వస్తోంది. మూడు నెలలకొకసారి, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తేదీల్లో కడతాడు. ముందే తెలిసిన బరువును మోయవచ్చు.

మా అమ్మాయి విషయంలో అలా జరగలేదు. ఆ సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే కొత్త ఇల్లు కొనే ప్రతి కుటుంబానికీ అది ఎదురవుతుంది.

మా అమ్మాయి, అల్లుడు 2021 అక్టోబరులో డాలస్‌కు ఉత్తరాన కొత్తగా వేస్తున్న కాలనీలో ఇల్లు కొన్నారు. 4 లక్షల డాలర్లు. నా పదవీ విరమణ డబ్బులో కొంత నేనూ పంపాను. అప్పు ఇచ్చిన సంస్థ, వాయిదాతో పాటు పన్నుకు, బీమాకు కూడా నెలనెలా కొంత పట్టుకుని పక్కన ఒక ఖాతాలో ఉంచుతుంది. దాన్ని ఎస్క్రో అంటారు. బిల్లు వచ్చినప్పుడు ఆ ఖాతాలోంచి సంస్థే కడుతుంది. వినడానికి ఎంత హాయిగా ఉంది! పన్ను గురించి మనం ఆలోచించనక్కర్లేదు. ప్రమాదం కూడా అదే, ఆలోచించడం మానేస్తాం.

టెక్సాస్‌లో ఆస్తి విలువను ఆ ఏడాది జనవరి 1న ఎలా ఉందో అలా కడతారు. 2021 జనవరి 1న అక్కడ ఇల్లు లేదు. గడ్డి మొలిచిన స్థలం ఉంది. దాని విలువ 90,000. ఆ ఊరి పన్నులన్నీ కలిపి 2.2 శాతం. మొదటి బిల్లు 1,980 డాలర్లు. సంస్థ ఆ బిల్లును పన్నెండుతో భాగించి నెలకు 165 చొప్పున పట్టుకుంది. పిల్లలిద్దరూ వాయిదా ఇంత, పన్ను ఇంత అని లెక్క వేసుకుని కారు మార్చారు, మనవడిని ఈత తరగతుల్లో చేర్చారు.

2022 జనవరి 1 వచ్చింది. ఈసారి అక్కడ ఇల్లు నిలబడి ఉంది. విలువ 4 లక్షలు. 2.2 శాతం అంటే 8,800. సొంత నివాసానికి ఇచ్చే మినహాయింపు అప్పట్లో బడి పన్ను వరకు 40,000 డాలర్ల విలువ మీద ఉండేది, ఆ 2.2లో బడి వాటా 1.2 శాతం కాబట్టి అది 480 తగ్గించింది. మిగిలింది 8,320. ఏడాది పొడవునా ఖాతాలో చేరిందేమో 1,980. తక్కువ పడింది 6,340. సంస్థ ఆ లోటును తాను పూడ్చి, తర్వాత ఉత్తరం రాసింది.

ఆ ఉత్తరం వచ్చిన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. 2023 జనవరి, బయట బాగా చలి. అమ్మాయి కవరు చింపి చదివి, నిలబడ్డ చోటే ఉండిపోయింది. తక్కువ పడిన 6,340ని పన్నెండు నెలల్లో వసూలు చేసుకోవడానికి నెలకు 528. ఇకమీదట కొత్త పన్నుకు సరిపోయేలా ఇంకో 528. ఆ నెల నుంచి వాయిదా మీద 1,056 డాలర్లు అదనం. కాగితం నా ముందు పెట్టి, "అమ్మా, జీవితమంతా నువ్వు ఈ పనే చేశావు కదా, తప్పు ఎక్కడుందో చూడు" అంది. నేను కళ్లద్దాలు పెట్టుకుని గంటసేపు చూశాను. కొలత సరిగ్గా ఉంది. విలువ సరిగ్గా ఉంది. రేటు సరిగ్గా ఉంది. తప్పు ఎక్కడా లేదు. మట్టి మీద వచ్చిన మొదటి బిల్లును మేం ఇంటి బిల్లనుకున్నాం, అంతే. ఆ రాత్రి మా అల్లుడు భోజనం దగ్గర, "అత్తయ్యగారూ, మీరు పంపిన డబ్బును కూడా దీనికే వాడాల్సి వస్తుందేమో" అన్నప్పుడు ఆ పిల్లవాడి ముఖం నేను ఎప్పటికీ మరచిపోలేను.

ఇది అమెరికాకే పరిమితమైన సంగతి కాదు. మన ఊళ్లోనూ కొత్త అపార్టుమెంటు అమ్మేవారు పన్ను రసీదు చూపిస్తారు. అది ఖాళీ స్థలం పన్ను రసీదేమో, కట్టడం పూర్తయ్యాక వేసిన ఇంటి పన్నేమో చదివి చూసుకోండి. ఫ్లాటుకు విడిగా అసెస్‌మెంటు నంబరు పడిందా లేదా అడగండి. పాత ఇల్లయితే బకాయి ఉందేమో కార్యాలయంలో కనుక్కోండి. రిజిస్ట్రేషన్ కార్యాలయం ఇచ్చే ఈసీలో పన్ను బకాయి కనిపించదు. కొన్నాక ఆ బకాయి ఇంటితోపాటే మీ దగ్గరకు వస్తుంది.

సరే, ఇప్పుడు ఆ ఐదేళ్ల కొలత తీద్దాం. మన దగ్గర 15 శాతం కట్టడి ఉంటే ఐదేళ్లలో రెట్టింపు అయిందని చూశాం. టెక్సాస్‌లో సొంత నివాసంగా నమోదైన ఇంటి పన్ను విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదు. ఏటా అంతా పెంచుకుంటూ పోతే రెట్టింపు కావడానికి ఏడేళ్లు దాటుతుంది. కాలిఫోర్నియాలో 1978లో ప్రజలు ఓటు వేసి పదమూడో ప్రతిపాదన అనే సవరణ తెచ్చుకున్నారు. కొన్న ధర మీద మూలపన్ను 1 శాతం, పైన ప్రజలు ఆమోదించిన బాండ్ల భారం కొంత. ఆ విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు. రెట్టింపు కావడానికి 35 ఏళ్లు. ముప్ఫై ఏళ్ల అప్పు తీరిపోయినా పన్ను రెట్టింపు కాదు. నలభై ఏళ్ల వయసులో ఇల్లు కొని, అక్కడే ముసలితనం గడపాలనుకునే మనిషికి ఈ ఒక్క నియమం ఎంత ధైర్యమో ఆలోచించండి.

అదే నియమానికి రెండో ముఖం ఉంది. ఇల్లు చేయి మారగానే విలువ కొన్న ధరకు ఎగబాకుతుంది. అంటే ముప్ఫై ఏళ్లుగా ఉంటున్న పక్కింటివారు మీ అబ్బాయి కట్టేదానిలో నాలుగోవంతు కట్టవచ్చు, ఇళ్లు రెండూ ఒకేలా ఉన్నా సరే. కాబట్టి కాలిఫోర్నియాలో పాత యజమాని బిల్లు చూసి లెక్క వేయడం వృథా. కొన్న ధర మీద లెక్క వేయాలి. కొన్న కొన్ని నెలలకు, పాత విలువకూ కొత్త విలువకూ ఉన్న తేడా మీద అదనపు బిల్లు ఒకటి విడిగా వస్తుంది. అది సాధారణంగా ఎస్క్రోకు వెళ్లదు, నేరుగా మన తపాలా పెట్టెలోకి వస్తుంది. ప్రకటనల కాగితాల మధ్య కలిసిపోతుంది. చెప్పి ఉంచండి పిల్లలకు.

కొత్త కాలనీల్లో మరొక భారం ఉంటుంది. నీళ్ల గొట్టాలు, మురుగు కాలువలు వేయడానికి బాండ్లు తెచ్చి, ఆ అప్పును అక్కడి ఇళ్ల మీద పన్నుగా వసూలు చేస్తారు. టెక్సాస్‌లో దాన్ని మడ్ పన్ను అంటారు, కాలిఫోర్నియాలో మెల్లో రూస్. ఒకే రోడ్డుకు ఇటూ అటూ ఉన్న రెండు కాలనీల్లో ఒకదానికి ఇది ఉండవచ్చు, రెండోదానికి లేకపోవచ్చు. అందుకే రాష్ట్రాన్ని పోల్చి ఆగిపోకూడదు. కౌంటీ, బడి జిల్లా, కాలనీ దాకా దిగాలి. రాష్ట్రాల సగటు పట్టిక ఏ ఒక్క ఇంటి బిల్లునూ చెప్పదు.

మినహాయింపు అడిగితేనే వస్తుంది. టెక్సాస్‌లో బడి పన్నుకు 40,000గా ఉన్న సొంత నివాసం మినహాయింపును 2023లో ఓటర్లు లక్షకు, 2025 నవంబరులో 1,40,000కు పెంచారు. ఏడాదికి వెయ్యి డాలర్లకు పైగా తగ్గే సంగతి. దరఖాస్తుకు రుసుము లేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి చిరునామానే ఉండాలి, చాలామంది పిల్లలు ఆగిపోయేది ఆ ఒక్క మార్పు చేయించుకోకే. ఫ్లోరిడాలో మాత్రం శాశ్వత నివాస ఉద్దేశం చూపాలి కాబట్టి తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి ఈ మినహాయింపు దొరకడం కష్టం. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే అభ్యంతరం చెప్పుకునే హక్కు ఉంది. టెక్సాస్‌లో సాధారణంగా మే 15 లోపు. పక్క ఇళ్లు ఎంతకు అమ్ముడుపోయాయో, పైకప్పు ఎక్కడ కారుతోందో ఫోటోలతో వెళ్లాలి. నేను బల్లకు ఇటువైపు కూర్చుని ఎన్నో అభ్యంతరాలు విన్నదాన్ని. కోపంతో వచ్చినవారి కంటే కాగితంతో వచ్చినవారి మాట నిలిచేది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

(వెనక వరుసలోంచి ఒకరు: "అమ్మా, మేం కోవూరు దగ్గర పొలం అమ్మి పంపుతున్నాం. అప్పు లేకుండానే కొంటాడు మావాడు. అప్పుడు ఈ ఎస్క్రో గొడవ ఉండదు కదా?")

గొడవ ఉండదు, కానీ కట్టేవారూ ఉండరు. ముందు పంపే సంగతి. మన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇక్కడ నివసించే ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకే పంపగలరు. మీరిద్దరూ విడివిడిగా పంపవచ్చు. ఇక పన్ను. అప్పు ఉంటే అప్పిచ్చినవారు తమ సొమ్ము కోసమైనా పన్ను కట్టిస్తారు. అప్పు లేని ఇంటికి ఆ కాపలా లేదు. బిల్లు మీవాడి పేరుతో వస్తుంది, గడువు దాటితే జరిమానా మొదలవుతుంది. టెక్సాస్‌లో జనవరి 31 ఆఖరు.

దాటితే ఎక్కడి దాకా వెళ్తుందో ఒక ముసలామె కథ చెబుతాను. మిన్నెసోటా రాష్ట్రంలో జెరాల్డిన్ టైలర్ అనే ఆమెకు ఒక ఫ్లాటు ఉండేది. ఆమె వేరే చోటికి మారాక సుమారు 2,300 డాలర్ల పన్ను కట్టకుండా ఉండిపోయింది. వడ్డీలు, జరిమానాలు కలిసి 15,000 అయింది. కౌంటీ ఆ ఫ్లాటును 40,000కు అమ్మి, మిగిలిన 25,000 కూడా తానే ఉంచుకుంది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 మేలో న్యాయమూర్తులంతా ఒక్క మాటగా అది తప్పన్నారు. అప్పటికి ఆమెకు 94 ఏళ్లు. న్యాయం దొరికింది, కానీ ఫ్లాటు పోయింది. మీ పొలం డబ్బుతో కొనే ఇల్లు అది. ప్రతి నెలా పన్నుకని ఒక ఖాతాలో వేసుకోమని మీవాడికి ఇప్పుడే చెప్పండి.

(ముందు వరుసలోంచి ఒకావిడ: "మా అమ్మాయి బెంగళూరులో ఫ్లాటు కొని అద్దెకిస్తానంటోందండీ.")

ఇవ్వవచ్చమ్మా. అక్కడ సొంతంగా ఉంటే ఒక రేటు, అద్దెకిస్తే దానికి రెట్టింపు రేటు. తన లెక్క తానే రాసుకోవాలి కాబట్టి, ఉంటున్నానని రాసి అద్దెకివ్వకూడదు, తర్వాత తేడా జరిమానాతో సహా పడుతుంది. ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది. మన దగ్గరా అంతే. ఆదాయపు పన్ను లెక్కలో, వచ్చిన అద్దెలోంచి ఆ ఏడాది కట్టిన ఇంటి పన్నును తీసివేయవచ్చు. కట్టినది మాత్రమే, బకాయి ఉన్నది కాదు. రసీదు దాచమనండి.

(గుమ్మం దగ్గర మాట్లాడినాయన లేచి: "అమ్మా, ఆ మాట అన్నది నేనే. అయితే మావాడిని డాలస్ వద్దనమంటారా?")

లేదండీ, వద్దని నేను ఎందుకంటాను? మా మనవడు అక్కడే పెరుగుతున్నాడు, మంచి బడి. న్యూజెర్సీలో ఆదాయపు పన్ను ఏడాదికి ఎంత పోతోందో మీవాడి జీతం కాగితంలో ఉంటుంది. ఆ ఒక్క అంకె పక్కన, డాలస్‌లో కొనబోయే ఇంటి రెండో ఏడాది పన్ను పెట్టి చూడమనండి. ఒక్కొక్కరికి ఒక్కోలా తేలుతుంది. పెద్ద జీతం, చిన్న ఇల్లు అయితే టెక్సాస్ లాభం. మామూలు జీతానికి పెద్ద ఇల్లు అయితే మిగిలిందనుకున్నదంతా పన్నుకే పోవచ్చు. ఆ ఇల్లు ఇప్పటికే కట్టి ఉన్నదా, కొత్తగా కడుతున్నదా?

(ఆయన: "కొత్తదేనమ్మా. చిరునామా వాట్సాప్‌లో పంపాడు.")

అయితే ఇలా రండి, ఈ కుర్చీలో కూర్చోండి. అక్కడి కౌంటీ విలువ కట్టే కార్యాలయం వెబ్‌సైటులో చిరునామా కొడితే చాలు, ఎవరైనా చూడవచ్చు. ఆ వీధిలోనే నిరుడు పూర్తయిన ఇల్లు ఒకటి వెతుకుదాం. మీవాడు కొనేదాని బిల్లు ఇంకా స్థలం మీదే ఉంటుంది, పక్కింటిది చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఫోను ఇవ్వండి, కళ్లద్దాలు తీస్తాను.